నలభై ఒకటో అధ్యాయం

కాలేజీలో నా పేరు కళావతి అని సగం మందికి తెలియదు. హన్నా మేడం అంటేనే గుర్తుపడతారు. హన్నా అనేది నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా డిగ్రీ ఫైనలియర్ వాళ్ళకు పాఠం చెప్తున్న ఒక ఇంగ్లిష్ నవల్లో కథానాయిక. విక్టోరియా రాణి కాలంనాటి నవల. హన్నా ఒక బట్టల కొట్లో కుట్టుపని చేసే పేదపిల్ల. ఆ కొట్టు యజమానురాలి పేరు పలకబోతే వెనక బెంచీల వాళ్ళు నవ్వుతారని నేను ఆమెను దొరసాని అనే చెప్తాను. దొరసానికి ఒకరోజు ముత్యాల పిన్ను కనిపించదు. హన్నాయే తీసిందని, మంచు కురుస్తుంటే కట్టుబట్టలతో బయటికి గెంటిస్తుంది. మర్నాడు పొద్దున చర్చి మెట్ల మీద, హన్నా బూడిదరంగు శాలువా కప్పుకుని బిగుసుకుపోయిన శవం. సరిగ్గా అప్పుడే ఇంట్లో పిన్ను దొరుకుతుంది. దొరసాని ఉరికివచ్చి ఆ శవం కాళ్ళ మీద పడి ఏడుస్తుంది.

ఈ ఆఖరి ఘట్టం చెప్పేరోజు నేను ఫ్యాన్లు బంద్ చేయించేదాన్ని. గొంతు తగ్గించేదాన్ని. "లే హన్నా, పిన్ను దొరికింది" అని దొరసాని అనే మాట దగ్గర ఆగి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకునేదాన్ని. ఆడపిల్లలు ముక్కులు ఎగబీల్చేవారు. మగపిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవారు. బీకాం వాళ్ళు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. హసన్‌పర్తి నుంచి తొర్రూరు దాకా ఏ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవాళ్ళను కదిపినా సగం మంది నా దగ్గర ఏడ్చినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళు వాళ్ళ పిల్లల్ని ఏడిపిస్తున్నారు. అది తలుచుకుంటే నాకు గర్వంగా ఉండేది.

ఇక సిగ్గుపడాల్సిన మాట. ఆ నవల నేను చదవలేదు.

అసలు ముట్టుకోలేదని కాదు. ఎంఏలో ఉండగా మొదలుపెట్టాను. ఆరు వందల పేజీలు. నేనేమో డిగ్రీ దాకా తెలుగు మీడియం. మా నాన్నకు వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం ఉండేది. మా ఇంట్లో ఇంగ్లిష్ అంటే తాన్ల అంచుల మీద ఉండే మిల్లు ముద్రలే. ముప్పై పేజీలు లాగాను. ఒక్కో వాక్యం అరపేజీ. వాక్యం చివరికి చేరేసరికి అది ఎవరి గురించి మొదలైందో మర్చిపోయేదాన్ని. అప్పుడు అందరూ చేసిందే నేనూ చేశాను. బజారుకు పోయి గైడు కొనుక్కున్నాను. పసుపుపచ్చ అట్ట. రాసింది 'ఇద్దరు అనుభవజ్ఞులైన ప్రొఫెసర్లు' అని ఉంటుంది, పేర్లుండవు. కథంతా తొమ్మిది పేజీల్లో ఉంది, చిన్న చిన్న వాక్యాల్లో. దానితోనే ఎంఏ పాసయ్యాను. ఉద్యోగం వచ్చాక దానితోనే పాఠం చెప్పాను. యూనివర్సిటీకి పేపర్లు దిద్దడానికి పోతే అక్కడ కూర్చున్నవాళ్ళందరూ ఆ గైడు చదివినవాళ్ళే గనక ఎన్నడూ ఏ ఇబ్బందీ రాలేదు. మా దగ్గర పుస్తకం సిలబస్‌లో ఉంటుంది, పాఠం గైడులో ఉంటుంది.

కిందటి జూన్‌లో మా డిపార్ట్‌మెంటుకు ఉజ్మా బదిలీ మీద వచ్చింది. పదహారేళ్ళ కింద నా స్టూడెంటు. నెక్కొండ పిల్ల. అప్పట్లో పొద్దున ప్యాసింజర్‌లో వచ్చి సాయంత్రం ప్యాసింజర్‌లో పోయేది. ఇప్పుడు పీహెచ్‌డీ చేసి, అసిస్టెంట్ ప్రొఫెసరై, నా పక్క కుర్చీలో కూర్చుంటోంది. చేరిన రోజు "మేడం, యాదికున్ననా?" అని అడిగింది. "యాదికెందుకు లేవు" అని నవ్వి, అటెండెన్స్ రిజిస్టర్లు ఎక్కడుంటాయో చూపించి మాట మార్చాను. ఆ పిల్ల యాదికి ఉండటమే నా బాధ. ఎందుకో చెప్తాను, కొంచెం ఆగండి.

ఫిబ్రవరిలో, నా రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా, ఉజ్మా స్టాఫ్‌రూంలో నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, మన హన్నా మీద సినిమా వచ్చింది. ఇంగ్లండోళ్ళే తీసిన్రు. పిల్లలకు చూపిద్దామా?"

"అసొంటి సీన్లేం లేవు గద?"

"లేవు మేడం. అందరు మెడ దాంక గుండీలు పెట్టుకునే ఉంటరు."

నాకు సంబరమే అయింది. ఇన్నేళ్ళు నోటితో చూపించినదాన్ని తెర మీద చూడబోతున్నాను. ప్రిన్సిపాల్ దగ్గర పర్మిషన్ నేనే తీసుకున్నాను. సినిమా అయ్యాక పిల్లలతో అరగంట మాట్లాడతానని కూడా నేనే చెప్పుకున్నాను.

శనివారం పన్నెండున్నరకు సెమినార్ హాలు నిండిపోయింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. రైల్లో వచ్చిపోయే పిల్లలకు ఆలస్యం కావద్దని అన్నాల గంట కూడా ఎగ్గొట్టి మొదలుపెట్టాం. ముందు వరుసలో అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేసి, నాకొక్కదానికి ప్రిన్సిపాల్ గదిలోంచి మెత్తటి కుర్చీ తెప్పించారు. ఉజ్మా నా ముందు, కొంచెం పక్కగా, లాప్‌టాప్ దగ్గర స్టూలు మీద కూర్చుంది.

సినిమా బాగుంది. ఆ రాళ్ళు పరిచిన వీధులు, గుర్రబ్బండ్లు, ఎప్పుడూ తడిసి ఉండే గోడలు. కొట్లో తాన్లు దించి బల్ల మీద పరిచే తీరు చూస్తే మా నాన్న దుకాణమే అనిపించింది. దొరసాని గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంటే మా నాన్న చెయ్యి గుర్తొచ్చింది. వెనక నుంచి మావాళ్ళ వ్యాఖ్యానం ఆగలేదు. "ఆ గౌన్లల్ల వాళ్ళకు ఉక్కపొయ్యదార?" అని ఒకడు. "మంచు పడ్తాంది, ఉక్క యాడిదిర?" అని ఇంకొకడు. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నోళ్ళు మూసుకున్నారు.

పిన్ను పోయింది. హన్నాను గెంటేశారు. మంచు మొదలైంది. తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, నేను చెప్పి ఉన్నాను. పక్క వరుసలో కావ్య అనే పిల్ల, మా క్లాసులో అందరికన్నా బాగా ఏడ్చే పిల్ల, ముందే చున్నీ ముక్కుకు పెట్టుకుంది. తెల్లారింది. చర్చి మెట్లు. బూడిదరంగు శాలువా. దొరసాని జారుతూ, పడుతూ ఉరికి వస్తోంది. నేను కొంగు చేతిలోకి తీసుకున్నాను.

దొరసాని శవం మొహం మీది శాలువా తీసింది. అది హన్నా కాదు.

పళ్ళూడిన ఒక ముసలి బిచ్చగత్తె. అంతకుముందు దారిలో హన్నా ఆమె పక్కన ఆగడం చూపించారు, నేను పట్టించుకోలేదు. తన శాలువా ఆమెకిచ్చి పోయిందన్నమాట. హాల్లో ఈలలు. "మేడం, హన్నా కాదు! మేడం, సచ్చిపోలె!" అని కావ్య కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. సినిమా ఇంకా నలభై నిమిషాలు నడిచింది. ఆ నలభై నిమిషాలు తెర మీద ఏం జరిగిందో నేను సరిగా చూడలేదు. నా ముందు ఉజ్మా తల ఉంది. అది కదలలేదు. నా చూపు దాని మీదే ఉంది.

ఇప్పుడు చెప్తాను. పదహారేళ్ళ కింద ప్రీఫైనల్ పరీక్షలో ఉజ్మా ఈ కథే రాసింది. శాలువా బిచ్చగత్తెకు ఇచ్చిందని, చనిపోయింది ఆమేనని, హన్నా ఇంకో ఊరికి పోయి తన పేరు మీద దుకాణం పెట్టుకుందని. రెండున్నర పేజీలు. నేను ఆ పేపరు క్లాసులో పైకి చదివాను. నటించి మరీ చదివాను, నాకు అది వచ్చు కదా. "మన ఉజ్మా కొత్త కథ అల్లింది, ఇంక రెండు పాటలు పెడితే సినిమాకు పంపొచ్చు" అన్నాను. అరవై మంది నవ్వారు. ఉజ్మా నిలబడే ఉంది. "మేడం, పుస్తకంల అట్లనే ఉంది" అంది. సున్నా వేసి పేపరు ఆమె బల్ల మీదికి విసిరాను.

నాలుగోరోజు వాళ్ళ నాన్న ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు నయీముద్దీన్. నెక్కొండలో కరెంటు మోటార్లు వైండింగ్ చేసేవాడు. వేళ్ళకు వార్నిష్ మరకలు. జిల్లా గ్రంథాలయంలోంచి ఆ పిల్ల తెచ్చుకున్న పుస్తకాన్ని, ఆ మరకలు అంటకుండా, పేపర్లో చుట్టుకుని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. స్టాఫ్‌రూం నిండా లెక్చరర్లు. పేపరు విప్పి, గుర్తు పెట్టిన పేజీ తీసి, నా ముందు పెట్టాడు.

"మేడం, జర ఈ పేజి చూడున్రి. పిల్ల మూడొద్దుల సంది అన్నం తింటలేదు. పుస్తకంల ఉన్నదే రాసిన అంటాంది."

"మీరు ఇంగ్లిష్ చదువుకున్నరా?" అని అడిగాను.

"లేదు మేడం. ఏడో తరగతి, ఉర్దూ మీడియం."

"మరి దాంట్ల ఏముందో మీకెట్ల తెలుసు?"

ఆయన కూతురి వైపు చూశాడు. నా వైపు చూశాడు. పుస్తకం మళ్ళీ చుట్టుకున్నాడు. "నిజమే మేడం, మీకన్న మాకెక్కువ తెలుస్తదా" అని నమస్తే పెట్టి పోయాడు.

ఆయన చుట్టుకునేదాకా ఆ పేజీ నా ముందు తెరిచే ఉంది. నేను చూడలేదు. చూస్తే ఆ పిల్ల ఒక వాక్యం మీద వేలు పెట్టి "దీనర్థమేంది మేడం" అంటుందని నాకు భయం. అంతకన్నా లోపల ఇంకొకటి ఉంది, అది కూడా చెప్పేస్తాను. నేను ముప్పై పేజీల దగ్గర వదిలేసిన పుస్తకాన్ని, ఉర్దూ మీడియంలో చదివిన ఒక మోటారు మెకానిక్ కూతురు రైల్లో కూర్చుని ఆఖరి పేజీ దాకా చదివింది. నాకు ఒళ్ళు మండింది. నేను వేసిన సున్నా రాత తప్పని వేసింది కాదు, చదివినందుకు వేసింది.

హాల్లో లైట్లు వేశారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నాకు మైకు ఇచ్చారు. నేను నోరు తెరవకముందే కావ్య లేచింది.

"మేడం, మీరు హన్నా సచ్చిపోయిందని చెప్పిన్రు గద?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. రెండు ముక్కలు చాలు. కానీ ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు నా కన్నా ముందు మాట్లాడింది.

"సినిమావాళ్ళు మార్చిన్రమ్మా. జనం కోసం మారుస్తరు. హీరోయిన్ సచ్చిపోతే టికెట్లు తెగవు" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే ధైర్యం వచ్చింది. అక్కడితో ఆగినా సరిపోయేది. నేను ఉజ్మా వైపు తిరిగి "ఏమంటరు ఉజ్మా మేడం?" అన్నాను.

ఆమె లాప్‌టాప్ వైరు చుడుతోంది. చుట్టడం ఆపింది. ఈ ఒక్క క్షణం కోసమే ఈ సినిమా పెట్టిందని, అరవై మంది ముందు నేను చేసింది రెండు వందల మంది ముందు నాకు తిరిగి చేస్తుందని, చేస్తే న్యాయమేనని అనుకున్నాను.

"అవును" అంది. "సినిమా వేరు, పుస్తకం వేరు. మేడం చెప్పిందే రాసుకోన్రి."

పిల్లలు నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. నేను చూస్తుండగానే రాసుకున్నారు.

రైలు పిల్లలు స్టేషన్‌కు పోయాక స్టాఫ్‌రూంలో మేమిద్దరమే మిగిలాం. నేను తలుపు దగ్గరికి వేసి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకట్ల చెప్పినవ్ ఉజ్మా? నిజం నీకు తెల్సు."

"నాకు తెల్వదు మేడం" అంది. "అందుకే గద సినిమా పెట్టిన. మీరేమంటరో ఇందామని."

"తెల్వకపోవుడేంది? పుస్తకం చదివింది నువ్వు."

"నేను చదివిన పుస్తకంల బతికింది. మీరు అంత గట్టిగ సచ్చిపోయిందన్నరు. మేడం తప్పెందుకు చెప్తది, ఇంకో ఎడిషన్ ఏమన్న ఉందేమో అనుకున్న. ఆ కాలంల నవలలు వారం వారం పత్రికలల్ల అచ్చేసి తర్వాత మార్చేటోళ్ళు గద. పీహెచ్‌డీ చేసేటప్పుడు గూడ వెతికిన మేడం. హైదరాబాద్ల లైబ్రరీలన్ని తిరిగిన. లండన్‌ల ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టిన, హన్నా సచ్చిపోయే ఎడిషన్ ఎక్కడన్న ఉన్నదా అని. లేదు, నీకెవరు చెప్పిన్రు అని అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"మా మేడం అని చెప్పిన."

అంత దూరం పోయి నా పరువు కాపాడటానికి వెతికిందా ఈ పిల్ల అనిపించి తల ఎత్తలేకపోయాను. "ఏ ఎడిషన్ లేదు ఉజ్మా. గైడు ఉన్నది. నేను పుస్తకం చదవలె" అన్నాను. ఆ మాట నా జీవితంలో మొదటిసారి పైకి అన్నాను, మా ఆయనకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చినా బాగుండేది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఫైనల్ పరీక్షల మీరు చెప్పినట్లే రాసిన మేడం. సచ్చిపోయిందని రాసిన. డెబ్బై ఎనిమిది వచ్చినయి. మా అబ్బా ఆ మెమో చూసి ఏమన్నడో తెల్సా? మేడం చెప్పినట్టు రాస్తే మార్కులొచ్చినయి గద, మరి నువ్వు ఆ రోజు చెప్పింది అబద్ధమే గద అన్నడు. ఇప్పటికి గట్లనే అనుకుంటడు. నేను పీహెచ్‌డీ చేసినంక గూడ. నా బిడ్డ మంచిదే గని, ఒక్కసారి నాతోటి అబద్ధమాడి నన్ను కాలేజి దాంక తీస్కపోయింది అంటడు. నవ్వుకుంటనే అంటడు. పెండ్లిళ్ళల్ల, పండుగలల్ల చుట్టాలకు చెప్తడు."

బ్యాగు సర్దుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, "నన్ను మీరు క్లాసుల నిలబెట్టిన్రు. అది ఎట్లుంటదో నాకు తెల్సు. ఇంకెవ్వరికి వద్దు మేడం" అని పోయింది.

ఆదివారం పొద్దున ఫోన్లో ఆ నవల తెరిచాను. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకునేలా పెట్టి ఉంది. వంట మా ఆయనకు అప్పగించి, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చున్నాను. మొత్తం యాభై రెండు అధ్యాయాలు. ముందుగా ఆ చావు ఘట్టానికే పోయాను. శవం మీద పడి దొరసాని ఏడవడంతో నలభై ఒకటో అధ్యాయం అయిపోతుంది. మొహం మీది శాలువా తీసేది నలభై రెండో అధ్యాయం మొదటి పేరాలో. మా ఇద్దరు అనుభవజ్ఞులైన ప్రొఫెసర్లు నలభై ఒకటి దాకా చదివి, ఇంకేముంది చచ్చిపోయింది కదా అని పుస్తకం మూసేశారు. ఒక్క పేజీ తిప్పినా సరిపోయేది. వాళ్ళను మనసారా తిట్టుకున్నాను. తర్వాత, వాళ్ళు కనీసం నలభై ఒకటి చదివారు, నేను ముప్పై పేజీల దగ్గర ఆగినదాన్ని అని గుర్తొచ్చి తిట్టడం మానేశాను.

ఇంకొక సంగతి కూడా సిగ్గుతోనే చెప్పాలి. అర్థమైంది. అక్కడక్కడా తడుముకున్నాను గానీ, అర్థమైంది. ఇన్నేళ్ళు ఇంగ్లిష్ చెప్పీ చెప్పీ నాకు ఆ మాత్రం ఇంగ్లిష్ ఎప్పుడో వచ్చేసిందన్నమాట. భయం ఒక్కటే పోలేదు, తెరిచి చూస్తే గదా పోయేది.

సోమవారం క్లాసులో చెప్పేశాను. హన్నా చనిపోలేదు, గైడులో తప్పు పడింది, నేనూ చూసుకోలేదు అన్నాను. పెద్ద ప్రళయమే వస్తుందనుకున్నాను. పవన్ అనే పిల్లవాడు చెయ్యెత్తి, "మేడం, ఎగ్జామ్‌ల ఏది రాయాలె?" అని అడిగాడు. బతికిందనే రాయమన్నాను. అందరూ కొట్టేసి రాసుకున్నారు. 'నేనూ చూసుకోలేదు' అన్న ముక్క ఎంత తెలివిగా పెట్టానో నాకే తెలుసు. చూసుకోకపోవడం వేరు, చూడనని మొండికేయడం వేరు. క్లాసులో సగమే చెప్పి బయటపడ్డాను. మిగిలిన సగం చెప్పాల్సిన మనిషి నెక్కొండలో ఉన్నాడు.

"మీ ఇంటికి వస్త" అన్నాను ఉజ్మాతో. "మీ నాన్నతోటి మాట్లాడాలె."

"ఎందుకు మేడం, ఫోన్‌ల చెప్పున్రి. నేను కలిపిస్త."

"ఆయన నా దగ్గరికి రైలెక్కి వచ్చిండు ఉజ్మా."

ఆ తర్వాతి ఆదివారమే ఇద్దరం ప్యాసింజర్ ఎక్కాం. ఆమె నాకు కిటికీ పక్కన సీటు ఇచ్చింది.

నయీముద్దీన్ ఇప్పుడు పని మానేశాడు, కళ్ళు సరిగా కనిపించవు. మమ్మల్ని చూసి గుమ్మం దాకా వచ్చాడు. "రాన్రి మేడం, రాన్రి. తాహెరా, చాయ్ పెట్టు, పిల్ల వాళ్ళ మేడం వచ్చింది" అని లోపలున్న భార్యకు కేకేశాడు. ఇంట్లో ఉన్న ఒక్క చేతుల కుర్చీ నాకు వేసి, తను మంచం అంచున కూర్చున్నాడు. పక్కింటాయనను కూడా పిలిచి, "మా ఉజ్మాకు సదువు చెప్పిన మేడం" అని చూపించాడు. పక్కింటాయన నాకు నమస్తే పెట్టాడు. పిలిచినవాళ్ళ ముందు చెప్పడం ఇంకా కష్టం. అయినా ఆయన పోయేదాకా ఆగితే మళ్ళీ నోరు పెగలదని చెప్పడం మొదలుపెట్టాను.

"నయీముద్దీన్ సాబ్, మీరు ఒకసారి పుస్తకం తీస్కొని కాలేజికి వచ్చిన్రు. యాదికుందా?"

"ఉన్నది మేడం" అని నవ్వాడు. "గప్పుడు చిన్నపిల్ల. ఏదో ఆడింది. మీరేం మనసుల పెట్టుకోకున్రి."

"అబద్ధమాడలె. ఉజ్మా రాసిందే కరెక్టు. నేను చెప్పిందే తప్పు."

"గట్లెందుకంటరు మేడం." ఆయన ఇబ్బందిగా కదిలాడు. "పుస్తకాలల్ల ఒక్కో దాంట్ల ఒక్కో తీరు రాస్తరు. మీరు సదివింది వేరేది అయ్యుంటది."

నాకు కుర్చీ వేసినట్టే మాట కూడా వేశాడు, కూర్చోమని. నేను అవునంటే చాలు, అందరం చాయ్ తాగి లేచిపోవచ్చు.

"లేదు" అన్నాను. "ఒక్కటే పుస్తకం. నేను అది చదవలె. నాకు చదువరాలె. మీ బిడ్డకు వచ్చింది. అందుకే నాకు కోపమొచ్చి నలుగురిల నిలబెట్టి నవ్విచ్చిన. మీరు తెచ్చిన పేజి తెరిచి ఉన్నా చూడలె. చూస్తే నాకేం రాదని అందరికి తెలుస్తదని చూడలె."

పక్కింటాయన మెల్లగా లేచి బయటికి పోయాడు. నయీముద్దీన్ నా వైపు చూడటం మానేశాడు. ఉజ్మా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుని, అటు తిరిగాడు.

"మరి నేను నిన్ను ఎన్ని మాటలన్న బిడ్డా" అన్నాడు. "ఆ రోజు వరంగల్ల రైలెక్కింది మొదలు ఇక్కడ దిగేదాంక అన్న. రైలు డబ్బాల అందరు ఇన్నరు. నువ్వు నిజం అబ్బా, నిజం అబ్బా అనుకుంట ఏడిస్తివి. ఇంటికొచ్చినంక గూడ నీతోటి మాట్లాడకపోతి."

"ఊకో అబ్బా. ఎప్పటి ముచ్చట."

"పదహారేండ్లు అందరితోటి చెప్పుకుంట నవ్వితి గద బిడ్డా." ఆయన భుజం మీది తువ్వాల తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సిగ్గు నాది. నేను దాన్ని దింపుకోవడానికి వచ్చి, ఏ పాపం ఎరగని మనిషి నెత్తిన పెట్టాను. ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని, కూతురి దగ్గరికి నడిచాడు. రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చెయ్ బిడ్డా" అన్నాడు.

ఉజ్మా ఆయన చేతులు పట్టుకుని కిందికి దింపింది. ఆ మాట చెప్పడానికి రైలెక్కి వచ్చినదాన్ని నేను. అంతా చెప్పాను, అదొక్కటే ఇంకా నా నోట్లోంచి రాలేదు. తాహెరా బేగం చాయ్ తెచ్చింది. లోపలి నుంచి అంతా వినే ఉంటుంది. అయినా ముందు నాకే ఇచ్చింది.